విశాఖ నుంచి పెన్ స్టేట్ దాకా: అమెరికా వర్సిటీ అధ్యక్ష పదవి అసలు స్వరూపం ఏమిటి?

విశాఖపట్నంలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న నీలి బెండపూడి 2022 మే నెలలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ 19వ అధ్యక్షురాలిగా బాధ్యతలు చేపట్టారు. 1855లో ఏర్పాటైన ఆ విద్యాసంస్థకు తొలి మహిళా అధ్యక్షురాలు ఆమే. శ్వేతజాతీయేతరుల్లో ఆ పదవిని అందుకున్న తొలి వ్యక్తి కూడా ఆమే. సరిగ్గా మూడేళ్లకు, 2025 మే 22న, ఆమె సిఫారసు మేరకు ఏడు ప్రాంగణాలను మూసివేయాలని ఆ వర్సిటీ ట్రస్టీల బోర్డు 25-8 ఓట్లతో తీర్మానించింది. అమెరికాలో విశ్వవిద్యాలయ అధ్యక్ష పదవి ఎంతటి గౌరవమో, ఎంతటి భారమో ఈ రెండు ఘట్టాలు చెబుతాయి.

నియామకం ఎలా?

మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా సెర్చ్ కమిటీ సూచించిన పేర్ల నుంచి చాన్స్‌లర్ వైస్ చాన్స్‌లర్‌ను నియమిస్తారు. అమెరికాలో ఆ అధికారం ట్రస్టీల బోర్డుది. పెన్ స్టేట్ బోర్డులో గవర్నర్ నియమించినవారు, పూర్వ విద్యార్థులు ఎన్నుకున్నవారు, వ్యవసాయ సంఘాల ప్రతినిధులు, వ్యాపార రంగానికి చెందినవారు ఉంటారు. బోధన, పరిశోధనల రోజువారీ పర్యవేక్షణ ప్రొవోస్ట్ చూసుకుంటారు. నిధుల సమీకరణ, బడ్జెట్, రాష్ట్ర చట్టసభతో సంప్రదింపులు, క్రీడా విభాగం, కొన్నిచోట్ల ఆసుపత్రుల బాగోగులు కూడా అధ్యక్షుల మీద పడతాయి. ఆచార్యులు, విద్యార్థులు, దాతలు, చట్టసభ సభ్యులు అందరూ వారినే ప్రశ్నిస్తారు.

తరగతి గది నుంచి బ్యాంకుకు

బెండపూడి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డిగ్రీ, ఎంబీఏ పూర్తిచేసి 1986లో అమెరికా వెళ్లారు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో మార్కెటింగ్‌లో డాక్టరేట్ పొందారు. టెక్సాస్ ఏ అండ్ ఎం, ఒహాయో స్టేట్ వర్సిటీల్లో బోధించారు. వినియోగదారుడు ఒక సంస్థను ఎందుకు నమ్ముతాడు, ఎందుకు విడిచి వెళతాడు అన్నది ఆమె పరిశోధనాంశాల్లో ఒకటి. మధ్యలో కొంతకాలం ఒహాయోకు చెందిన హంటింగ్టన్ నేషనల్ బ్యాంకులో ఉన్నత పదవిలో పనిచేశారు.

2011లో కాన్సాస్ బిజినెస్ స్కూల్ డీన్‌గా, 2016లో అదే వర్సిటీ ప్రొవోస్ట్‌గా నియమితులయ్యారు. ఆచార్యత్వం, డీన్, ప్రొవోస్ట్, ఆపై అధ్యక్ష పదవి అన్నది అమెరికాలో చిరకాలంగా నడిచిన బాట. ఆమె ప్రస్థానమూ చాలావరకు ఆ బాటలోనే సాగింది. దానికి బ్యాంకు అనుభవం తోడైంది.

లూయివిల్‌లో తొలి పరీక్ష

2018లో లూయివిల్ విశ్వవిద్యాలయం అధ్యక్షురాలయ్యే నాటికి ఆ వర్సిటీ ఆర్థిక ఇబ్బందుల్లోనూ, బాస్కెట్‌బాల్ జట్టు చుట్టూ రేగిన వివాదాల్లోనూ ఉంది. ఆమె వచ్చిన కొద్ది వారాలకే మరో సమస్య ఎదురైంది. పాపా జాన్స్ పిజ్జా సంస్థ వ్యవస్థాపకుడు, వర్సిటీకి ప్రధాన దాత అయిన జాన్ ష్నాటర్ ఒక ఫోన్ సమావేశంలో జాతి దూషణ పదం వాడినట్లు బయటపడింది. ఆ సంస్థ పేరును క్రీడా మైదానం నుంచి తొలగిస్తున్నట్లు బెండపూడి ప్రకటించారు. మరుసటి ఏడాది, మూతపడే ప్రమాదంలో ఉన్న జ్యూయిష్ హాస్పిటల్ సహా పలు వైద్య సంస్థలను వర్సిటీ తన చేతుల్లోకి తీసుకుంది. అందుకు రాష్ట్ర ప్రభుత్వం రుణం మంజూరు చేసింది.

పెన్ స్టేట్‌లో లెక్కల చిక్కు

పెన్ స్టేట్‌లో ఆమెకు స్వాగతం పలికింది సుమారు 14 కోట్ల డాలర్ల లోటు. కొత్త నియామకాలను నిలిపివేశారు. 2025 నాటికి బడ్జెట్‌ను సమతుల్యం చేయాలని లక్ష్యంగా పెట్టుకున్నారు. అంతకుముందు యాజమాన్యం ప్రకటించిన జాతి న్యాయ కేంద్రం ప్రతిపాదనను 2022 అక్టోబరులో విరమించుకున్నారు. ఇప్పటికే ఉన్న కార్యక్రమాలకే నిధులు పెంచుతామని ఆమె చెప్పినా, పలువురు అధ్యాపకులు బహిరంగంగా నిరసన తెలిపారు. ఆ పదవిని చేపట్టిన తొలి శ్వేతజాతీయేతర వ్యక్తి హయాంలోనే ఇలా జరగడం వారిని మరింత బాధించింది.

ఏడు ప్రాంగణాల మూసివేత

అంతకంటే పెద్ద నిర్ణయం ప్రాంగణాలది. ప్రధాన ప్రాంగణం యూనివర్సిటీ పార్క్‌కు తోడు, రాష్ట్రమంతటా చిన్న పట్టణాల్లో కామన్వెల్త్ ప్రాంగణాలు ఉన్నాయి. ఇంటికి దగ్గరలో రెండేళ్లు చదివి, మిగిలిన రెండేళ్లకు ప్రధాన ప్రాంగణానికి వెళ్లడం ఎందరో విద్యార్థులకు అలవాటైన మార్గం. కుటుంబంలో తొలిసారి కళాశాల గడప తొక్కినవారికి, అంతగా స్థోమత లేనివారికి అదే ఆసరా.

అయితే పెన్సిల్వేనియాలోని అనేక గ్రామీణ కౌంటీల్లో యువజనాభా తగ్గుతోంది. దాంతో ప్రవేశాలు పడిపోయాయి, భవనాల నిర్వహణ వ్యయం మాత్రం అలాగే ఉంది. పన్నెండు ప్రాంగణాలను సమీక్షించి, అయిదింటిని కొనసాగించాలని, డుబోయిస్, ఫాయెట్, మాంట్ ఆల్టో, న్యూ కెన్సింగ్టన్, షెనాంగో, విల్క్స్-బారే, యార్క్ ప్రాంగణాలను 2027 వసంత సెమిస్టర్ తర్వాత మూసివేయాలని నిర్ణయించారు. ఉన్న వనరులను అన్నిచోట్లా పలుచగా పంచితే ఏ విద్యార్థికీ మేలు జరగదన్నది యాజమాన్యం వాదన. కళాశాల పోతే ఊరి ఉపాధి, ఊరి పిల్లల చదువు రెండూ దెబ్బతింటాయన్నది స్థానికుల ఆవేదన. రెండింటిలోనూ నిజం ఉంది.

మహిళల వాటా

అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సర్వేల ప్రకారం 1986లో అక్కడి కళాశాల, వర్సిటీ అధ్యక్షుల్లో మహిళలు పది శాతంలోపే. 2022 నాటికి వారి వాటా దాదాపు మూడింట ఒక వంతుకు చేరింది. ఉన్నత విద్యకు నిధులు, విద్యార్థులు తగ్గుతున్న కాలంలోనే వారిలో చాలామంది ఈ పదవిలోకి వచ్చారు. ముందు తరాల అధ్యక్షులు ప్రాంగణాలను కట్టారు. ఏది నిలపాలో, ఏది వదులుకోవాలో తేల్చే పని వీరి వంతయింది. తొలి మహిళ అన్న గుర్తింపు పదవి స్వీకరించిన రోజునే దక్కుతుంది. పదవీకాలంపై తీర్పు మాత్రం 2027 తర్వాత ఆ ఏడు పట్టణాల పిల్లలు ఎక్కడ చదువుతున్నారన్న దానిని బట్టే ఉంటుంది.