బందరు సమాధిరాళ్లపై వంశచిహ్నాలు

విజయవాడకు సుమారు 70 కిలోమీటర్ల దూరాన ఉన్న మచిలీపట్నం ఒకనాడు గోల్కొండ కుతుబ్‌షాహీ సుల్తానుల ప్రధాన రేవు. 17వ శతాబ్ది ఆరంభంలో డచ్చి వర్తకులు ఇక్కడ కోఠీ స్థాపించారు. తెలుగువారు వారిని వలందులన్నారు. వారి శ్మశానవాటికలోని కొన్ని రాళ్లమీద పేర్లతోపాటు వంశచిహ్నాలు కూడా చెక్కి ఉన్నాయి. వీటిని చూచినవారు ఇవి రాజవంశీకుల గోరీలని భ్రమపడే అవకాశముంది. వాస్తవం వేరు.

వంశచిహ్నానికి ప్రాణం డాలు. దానిపై సింహం, పక్షి, చెట్టు, నక్షత్రం వంటి గుర్తులుంటాయి. కొన్ని గుర్తులు ఇంటిపేరును బొమ్మగా చెప్పేవి మాత్రమే. డాలుపైన శిరస్త్రాణం, దానిపై శిఖ, ఇరువైపులా ఆకులవలె జాలువారే వస్త్రం ఉంటాయి. రంగు వేయని చోట వన్నెలను తెలుపుటకు 17వ శతాబ్దిలో గీతల సంకేతం వాడుకలోకి వచ్చింది: నిలువు గీతలు ఎరుపు, అడ్డగీతలు నీలం, చుక్కలు బంగారువన్నె. నీలానికి ఐరోపావారు వాడే ‘అజ్యూర్’ అనే పదం పారసీకంలోని ‘లాజవర్ద్’ నుండి పుట్టినదే.

ఈ పద్ధతి 12వ శతాబ్దిలో ఐరోపా యోధుల మధ్య ఏర్పడింది. అయితే డచ్చి దేశంలో సామాన్య వర్తకుడు సైతం తనకొక చిహ్నాన్ని కల్పించుకోవచ్చు. కనుక బందరు రాతిమీది డాలు కుటుంబపు గుర్తే గాని, ప్రభుత్వాధికారానికి నిదర్శనం కాదు.

ముస్లిం చరిత్రలోను ఇట్టి చిహ్నాలున్నవి. ఈజిప్టు, సిరియాలను 1250 నుండి 1517 వరకు పాలించిన మమ్లూకుల చిహ్నాన్ని ‘రంక్’ అంటారు. రంగు అనే అర్థంగల పారసీక పదమే దీనికి మూలం. పానీయాలందించే సాకీకి పాత్ర, రాజలేఖనాల అధికారి దవాదారుకు కలందాను, ఆయుధాగారాన్ని చూచే సిలాహ్‌దారుకు ఖడ్గం గుర్తులు. సుల్తాన్ బైబర్సు గుర్తు సింహం. మసీదుల గోడలపై, గాజు దీపాలపై, ఇత్తడి పాత్రలపై ఇవి నేటికీ కనిపిస్తాయి.

రెంటికీ గల భేదం గమనింపదగినది. డచ్చి డాలు ప్రధానంగా తండ్రి నుండి సంతానానికి సంక్రమించేది. మమ్లూకు అమీరులలో పెక్కుమంది బానిసలుగా కొనబడి వచ్చినవారు. చెప్పుకొనుటకు వంశప్రతిష్ఠ లేనివారు. వారి పాత్ర, కలందాను, ఖడ్గం తాము చేసిన కొలువును తెలిపేవి. మొదటిది ఎవరి బిడ్డ అని చెబుతుంది. రెండవది ఏ పని చేశాడని చెబుతుంది. సమాధిరాతిని చదివేవారు ముందుగా విచారించవలసినది ఈ తేడానే.