కనురెప్పల వాపు – తైలప్రయోగంలో వివేకం

దైవదర్శనానికి నేత్రాలు ద్వారాలైతే, రెప్పలు వాటి తలుపులు. ఆ తలుపులే వాచి, ఎర్రబడి, తెల్లవారేసరికి పుసులతో అంటుకొనిపోతే కలిగే యాతనను నేను స్వయంగా అనుభవించాను.

కొన్ని సంవత్సరాల క్రితం కార్తికమాసంలో నా రెప్పల అంచులు మండసాగాయి. వెంట్రుకల మొదళ్లలో చుండ్రువంటి పొట్టు చేరింది. దీపపు కుందిలో మిగిలిన నూనెను కన్నులకు రాసుకోవడం మా ఇంట చిన్ననాటి అలవాటు. ఆ ప్రకారమే వారం దినాలు రాశాను. మంట రెట్టింపయింది, చూపు మసకబారింది. నేత్రవైద్యులు ఆ నూనె సీసాను తెప్పించి చూశారు. దానిపై ‘దీపారాధనకు మాత్రమే’ అని ముద్రించి ఉంది. జీవితమంతా శాస్త్రపాఠం చెప్పిన నేను ఆ రెండు మాటలు చదువలేదు!

ఇంటికి వచ్చి సుశ్రుతసంహిత ఉత్తరతంత్రాన్ని తెరిచాను. అందులో 76 నేత్రరోగాలు వర్ణింపబడ్డాయి. వాటిలో వర్త్మగతాలు, అనగా రెప్పలకు చెందినవి, 21. ఇవి గాక, రెప్పకూ వెంట్రుకలకూ నడిమి సంధిలో క్రిములు చేరి దురద కలిగించే ‘క్రిమిగ్రంథి’ వేరుగా చెప్పబడింది. వెంట్రుకల మొదళ్లలో నివసించే డెమోడెక్స్ అనే అతిసూక్ష్మమైన పురుగు కొందరిలో ఈ వాపునకు కారణమని నేటి వైద్యులూ చెబుతున్నారు.

రెప్ప అంచున సన్నని తైలగ్రంథులు వరుసగా ఉన్నాయి. వాటినుండి ఊరే నూనె కన్నీటిపై పొరగా పరచుకొని, అది త్వరగా ఆవిరి కాకుండా కాపాడుతుంది. వాపు కలిగినప్పుడు ఆ నూనె చిక్కబడి, గ్రంథుల ముఖాలు మూసుకొనిపోతాయి. కనుక బయటి నూనె పూయడానికి ముందు లోపలి నూనెను కదిలించాలి. దానికి సాధనం స్వేదం, అనగా కాపడం.

చేతులు కడుగుకొని, శుభ్రమైన నూలుగుడ్డను గోరువెచ్చని నీటిలో ముంచి పిండి, మూసిన రెప్పలపై 5 నుండి 10 నిమిషాలు ఉంచాలి. చల్లారితే మరల ముంచాలి. పిమ్మట వ్రేలితో రెప్పను అంచువైపునకు మెల్లగా నిమిరి, తడిదూదితో పొట్టును తుడవాలి. ఒక కంటికి వాడిన దూదిని రెండవ కంటికి వాడరాదు. రెండుపూటలా, కొన్ని వారాలపాటు ఓపికతో చేయాలి. నాకు ఉపశమనమిచ్చినది ఇదే.

ఇక తైలాల మాట. శుద్ధమైన కొబ్బరినూనెను మూసిన రెప్పపై వెలుపల పలుచగా అద్ది తుడిచివేస్తే పొట్టు మెత్తబడుతుంది. ఆముదమైనా, కొబ్బరినూనె అయినా కంటిలో మాత్రం వేయరాదు. ఇంటి సీసాలోని నూనె సూక్ష్మజీవరహితం కాదు. ఆస్ట్రేలియా దేశపు చెట్టునుండి తీసే టీ ట్రీ నూనెకు డెమోడెక్స్‌ను చంపే గుణమున్నది గాని, అచ్చంగా తగిలితే నల్లగుడ్డు పైపొర గాయపడుతుంది. వైద్యులు సూచించనిదే దానిని తాకవద్దు. కంటిచుట్టూ మినపపిండితో కట్ట కట్టి ఘృతం నింపే తర్పణం శాస్త్రోక్తమే. అయినా అది అర్హులైన వైద్యుల చేతిమీదుగానే జరగాలి. నొప్పి హెచ్చినా, చూపు తగ్గినా, వెలుతురు చూడలేకపోయినా వెంటనే నేత్రవైద్యులను ఆశ్రయించండి.

భక్త మహాశయులారా! అఖండదీపపు నూనెను ప్రసాదబుద్ధితో కన్నులకు రాసుకొనేవారు మీలోనూ ఉన్నారు. హారతి వెలుగును అరచేతులతో అందుకొని కన్నులకద్దుకోండి. నూనెను ప్రమిదలోనే ఉండనివ్వండి.

శుభం భూయాత్.