పేరు ట్యాగ్‌ది, పనితనం పోర్షేది

ఫార్ములా వన్ రికార్డుల్లో ఇంజిన్ల పట్టిక తీసి చూస్తే పోర్షే పేరుకు ఎదురుగా కనిపించే గెలుపు ఒక్కటే. 1962లో ఫ్రాన్స్‌లోని రూయాన్‌లో డాన్ గర్నీ తెచ్చిపెట్టిన గెలుపు అది. అదే పట్టికలో ట్యాగ్ అనే పేరుకు ఎదురుగా 25 ఉంటాయి. ట్యాగ్ అనగానే చాలామందికి ఖరీదైన చేతి గడియారాలు గుర్తొస్తాయి. గడియారాలవాళ్లు రేసు కారుకు ఇంజిన్ ఎప్పుడు చేశారని అడిగితే, వాళ్లు చెయ్యనే లేదు. ఆ 25 రేసులు గెలిచిన ఇంజిన్‌ను గీసిందీ, తయారుచేసిందీ, పరీక్షించిందీ జర్మనీలో వైసాఖ్ అనే ఊళ్లో ఉన్న పోర్షే పరిశోధన కేంద్రం. డబ్బు ట్యాగ్ పెట్టింది కాబట్టి పేరు కూడా ట్యాగ్‌దే అయింది.

కథ 1981లో మొదలవుతుంది. రాన్ డెనిస్ చేతికి వచ్చిన మెక్‌లారెన్ జట్టు అప్పుడే కార్బన్ ఫైబర్ చట్రంతో కారు తయారుచేసింది. చట్రం కొత్తదే గానీ, వెనక ఉన్న ఇంజిన్ మాత్రం అందరూ కొనుక్కునే కాస్‌వర్త్ మూడు లీటర్ల వీ8. నిబంధనల ప్రకారం టర్బో లేకపోతే మూడు లీటర్లు, టర్బో ఉంటే ఒకటిన్నర లీటరు. సగం సైజు ఇంజిన్ ఏం చేస్తుందిలే అని మొదట్లో చాలామంది తేలిగ్గా తీసుకున్నారు. 1977లో రెనో ఆ దారి పట్టినప్పుడు ట్రాక్ మీద పొగలు కక్కే కారును చూసి నవ్వినవాళ్లే ఎక్కువ. కానీ టర్బో వెనక ఉన్న లెక్క చాలా గట్టిది. ఇంజిన్ బయటికి వదిలే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీద ఉన్న రెండో చక్రం బయటి గాలిని నొక్కిపట్టి సిలిండర్లలోకి తోస్తుంది. గాలి ఎక్కువ వెళ్తే ఇంధనం ఎక్కువ మండుతుంది. వృథాగా పోయే పొగతోనే బలం పెంచుకోవడం అన్నమాట. 1981 నాటికి ఫెరారీ కూడా టర్బోకు మారింది, బీఎండబ్ల్యూ సిద్ధమవుతోంది. వెనక కార్ల కంపెనీ లేని మెక్‌లారెన్‌కు ఆ ఇంజిన్ ఎవరిస్తారు?

డెనిస్ పోర్షే తలుపు తట్టాడు. టర్బో ఇంజిన్లతో లె మాన్స్ లాంటి సుదీర్ఘ రేసులు గెలిచిన అనుభవం వాళ్లది. పోర్షే సమాధానం సూటిగా ఉంది: చేసిపెడతాం, కానీ సొంత డబ్బు పెట్టం. ఇతర కంపెనీలకు ఫీజు తీసుకుని ఇంజినీరింగ్ పనులు చేసిపెట్టడం వైసాఖ్‌కు అలవాటే. ఆ ఫీజు కట్టడానికి డెనిస్ మన్సూర్ ఓజే అనే యువ వ్యాపారిని ఒప్పించాడు. సౌదీ మూలాలున్న అతని కుటుంబ సంస్థే ట్యాగ్. ఓజే అప్పటికి ప్రత్యర్థి జట్టు విలియమ్స్‌కు స్పాన్సర్! స్పాన్సర్‌గా ఉంటే కారు మీద స్టిక్కర్ దక్కుతుంది, ఇంజిన్ చేయిస్తే ఇంజినే దక్కుతుంది. ఓజే రెండోదే ఎంచుకున్నాడు. తర్వాత మెక్‌లారెన్‌లో వాటా కూడా కొన్నాడు. 1985లో ట్యాగ్ సంస్థ హాయర్ అనే స్విస్ గడియారాల కంపెనీని కొని, దానికీ తన పేరు తగిలించింది. గడియారాల మీద ట్యాగ్ అన్న మాట చేరింది అప్పుడే. అంటే ఈ ఇంజిన్ ఆ గడియారం పేరు కన్నా పెద్దది.

డబ్బు దొరికింది. ఇక ఇంజిన్ ఎలా ఉండాలన్నది మెక్‌లారెన్ డిజైనర్ జాన్ బర్నార్డ్ చెప్పాడు. చెప్పాడు అనడం కన్నా శాసించాడు అనడం సబబు. వెడల్పు ఇంత దాటకూడదు, పంపులు ముందు వైపే ఉండాలి, పొగ గొట్టాలు పైకెత్తి పెట్టాలి, చట్రానికి ఇంజిన్ బిగించే చోట్లు ఇవీ అని కొలతలు రాసిచ్చాడు. అవతల ఉన్నది హాన్స్ మెట్స్‌గర్. 911 కారు ఆరు సిలిండర్ల ఇంజిన్, 917 రేసు కారు పన్నెండు సిలిండర్ల ఇంజిన్ ఆయన చేతిలో రూపుదిద్దుకున్నవే. అంతటివాడికి బయటి డిజైనర్ వచ్చి కొలతలివ్వడం వైసాఖ్‌లో ఎవరికీ అలవాటు లేని వ్యవహారం. అయినా మెట్స్‌గర్ ఆ కొలతల్లోనే పని చేశాడు. 80 డిగ్రీల కోణంలో ఆరు సిలిండర్లు, ఒక్కో దానికి 82 మిల్లీమీటర్ల బోరు, 47.3 మిల్లీమీటర్ల స్ట్రోకు. అంతా కలిపి 1,499 సీసీ. ఒకటిన్నర లీటరు పరిమితిలో ఒక్క సీసీ మాత్రమే మిగిల్చాడు. రెండు పక్కలా రెండు కేకేకే టర్బోలు, మెదడుగా బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ పెట్టె.

బర్నార్డ్ అంత సన్నటి ఇంజిన్ కోసం పట్టుబట్టడానికి కారణం గాలి. ఆనాటి కార్ల అడుగున రెండు పక్కలా సొరంగాలుండేవి. వాటిలోంచి వేగంగా దూసుకెళ్లే గాలి కారును నేలకు అతుక్కునేలా లాగేది. ఇంజిన్ ఎంత సన్నగా ఉంటే సొరంగాలకు అంత చోటు. తీరా ఇంజిన్ తయారవుతున్న సమయంలో, 1982 చివర్లో, వచ్చే ఏడాది నుంచి కార్ల అడుగు చదునుగా ఉండాలని నిబంధన వచ్చిపడింది. ఏ సొరంగం కోసం ఇన్ని తంటాలు పడ్డారో ఆ సొరంగమే లేకుండా పోయింది. ఇంకొకరైతే తల పట్టుకునేవారు. బర్నార్డ్ మాత్రం కారు వెనక భాగాన్ని కోక్ సీసా నడుములా నొక్కేశాడు. వెనక రెక్కకు శుభ్రమైన గాలి అందడం మొదలైంది. కోక్ బాటిల్ అన్న పేరే ఆ ఆకారానికి స్థిరపడింది. నేటి ఫార్ములా వన్ కార్ల వెనక భాగాలు కూడా అలాగే ఉంటాయి. ఒక నిబంధన కోసం కొన్న సన్నదనం ఇంకో నిబంధన కింద పనికొచ్చింది.

1983 ఆగస్టు 28న నెదర్లాండ్స్‌లోని జాండ్‌వూర్ట్‌లో ఇంజిన్ తొలిసారి రేసులో దిగింది. పూర్తిగా సిద్ధమయ్యాక 1984లో దించుదామని బర్నార్డ్, అంతవరకు ఆగలేనని డ్రైవర్ నికీ లౌడా. లౌడా పోయి సిగరెట్ స్పాన్సర్ల చెవిలో వేశాడు, మాట నెగ్గించుకున్నాడు. ఆ రేసులో బ్రేకులు మొరాయించి మధ్యలోనే ఆగిపోయాడు. బాష్ పెట్టె కూడా మొదట్లో అందరికీ చుక్కలు చూపించింది. కానీ ఆ నెలల్లో బయటపడిన లోపాలే మరుసటి ఏడాదికి పెట్టుబడి అయ్యాయి.

ఎందుకంటే 1984లో అసలు పరీక్ష బలానికి కాదు, పొదుపుకు. రేసు మధ్యలో ఇంధనం నింపుకోవడం నిషేధించారు. మొత్తం రేసుకు 220 లీటర్లే ఇచ్చారు. సుమారు 300 కిలోమీటర్ల రేసు అంటే లీటరుకు కిలోమీటరున్నర కూడా రాని మైలేజీ. మనకు నవ్వొస్తుంది గానీ, 750 హార్స్ పవర్ దాకా ఇచ్చే ఇంజిన్‌కు అది కటిక ఉపవాసం. నిబంధన లీటర్లలో ఉంది కాబట్టి కొన్ని జట్లు ఇంధనాన్ని బాగా చల్లబరిచి నింపేవి. చల్లబడితే కుంచించుకుపోయి అదే ట్యాంకులో మరికొంత పడుతుంది. అయినా చివరి ల్యాపుల్లో ఆగిపోయే కార్లకు లెక్కలేదు. బాష్ పెట్టె ఉష్ణోగ్రత, పీడనం, ఇంజిన్ వేగం క్షణక్షణం కొలిచి, ఏ సిలిండర్‌కు ఎంత ఇంధనం వదలాలో, నిప్పురవ్వ ఎప్పుడు రాజెయ్యాలో తేల్చేది. ఆ ఏడాది 16 రేసుల్లో 12 మెక్‌లారెన్‌వే. ఏడు అలెన్ ప్రోస్ట్ గెలిచాడు, అయిదు లౌడా. టైటిల్ మాత్రం లౌడాకు పోయింది, అదీ అర పాయింటు తేడాతో: 72, 71.5.

ఆ అర పాయింటు కథ మొనాకోలో ఉంది. జోరువానలో ప్రోస్ట్ ముందున్నాడు, వెనక కుర్రాడు అయర్టన్ సెనా తరుముకొస్తున్నాడు. రేసును మధ్యలో ఆపేశారు. గెలుపు ప్రోస్ట్‌కే ఇచ్చారు గానీ కావలసినంత దూరం పూర్తి కాలేదని సగం పాయింట్లు, 4.5 మాత్రమే. ఎర్ర జెండా ఊపించిన అధికారి జాకీ ఇక్స్ స్వయంగా పోర్షే తరఫున లె మాన్స్ గెలిచిన డ్రైవర్. పోర్షే ఇంజిన్ కారుకు మేలు చేశాడని గుసగుసలు లేచాయి. తీరా చూస్తే రేసు చివరిదాకా సాగి, సెనా దాటేసి, ప్రోస్ట్ రెండో స్థానంలో వచ్చినా ఆరు పాయింట్లు దక్కేవి. అప్పుడు టైటిల్ ప్రోస్ట్‌దే! మేలు చేశాడో కీడు చేశాడో ఇక్స్‌కే ఎరుక.

1985లో ప్రోస్ట్ చాంపియన్ అయ్యాడు. 1986లో ఇంధనం 195 లీటర్లకు కోసేశారు, ఎదురుగా హోండా ఇంజిన్‌తో విలియమ్స్ కార్లు దూసుకొచ్చాయి. జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో చివరి ల్యాపులో ప్రోస్ట్ కారులో ఇంధనం అయిపోయింది. దిగి, గీత వైపు కారును తోసుకుంటూ వెళ్లాడు. అదే ఏడాది చివరి రేసు ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో. టైటిల్‌కు దగ్గరగా ఉన్న విలియమ్స్ డ్రైవర్ నైజెల్ మాన్సెల్ టైరు పేలిపోయింది, ప్రోస్ట్ ముందుకొచ్చాడు. డాష్‌బోర్డ్ మీద ఇంధనం లెక్క మాత్రం అయిదు లీటర్లు తక్కువపడతాయని చూపిస్తోంది. నెమ్మదిస్తే టైటిల్ పోతుంది, నెమ్మదించకపోతే కారు ఆగిపోవచ్చు. మీటరు అబద్ధం చెబుతోందని పందెం కాసి నడిపాడు. నిజంగానే అబద్ధం. గీత దాటాక కారును అక్కడే ఆపి కిందికి దూకేశాడు. 1987లో పోర్చుగల్‌లో ప్రోస్ట్ గెలిచిన రేసు ఆ ఇంజిన్‌కు 25వదీ, ఆఖరిదీ. ప్రోస్ట్‌కు 28వది, జాకీ స్టువర్ట్ గెలుపుల రికార్డును దాటించింది. మరుసటి ఏడాది మెక్‌లారెన్ హోండాకు మారిపోయింది.

టర్బోలు నిషేధించాక పోర్షే సొంత పేరుతో మళ్లీ వచ్చింది. 1991లో ఫుట్‌వర్క్ జట్టుకు 3.5 లీటర్ల వీ12 ఇచ్చింది. గీసింది మెట్స్‌గరే. పాత ట్యాగ్ వీ6లు రెండింటిని వరసగా అతికించి, బలాన్ని మధ్యలోంచి బయటికి తీసినట్టుండే ఆలోచన. బరువెక్కువ, పొడవెక్కువ, నూనె పీడనంతో తంటాలు. ఒక్క పాయింటు కూడా రాలేదు. సీజన్ సగంలోనే దాన్ని తీసేసి కాస్‌వర్త్ పెట్టుకున్నారు. డబ్బు ఈసారీ పెట్టినవాళ్లున్నారు, మెట్స్‌గర్ ఉన్నాడు, వైసాఖ్ ఉంది. లేనిదల్లా ఇంజిన్ ఇంత సన్నగా ఉండాల్సిందే అని బల్ల గుద్దే బర్నార్డ్. గిరాకీ మొండిగా ఉంటేనే పనివాడి చేతిలోని అసలు సత్తా బయటికొస్తుందని నాకనిపిస్తుంది.

తర్వాతి కాలంలో ఈ పేర్ల వ్యాపారం ఇంకా తేలికైపోయింది. 2016 నుంచి 2018 వరకు రెడ్ బుల్ కార్లలో ఉన్నది రెనో ఇంజినే. దాని పేరు మాత్రం ట్యాగ్ హాయర్! ఓజే ఇంజిన్ పుట్టించి పేరు పెడితే, వీళ్లు పుట్టిన ఇంజిన్‌కు పేరు మార్చారు. 2018లో ఆ జట్టు పేరుకు ముందు ఆస్టన్ మార్టిన్ కూడా చేరింది. కారు వెనకున్న ఇంజిన్‌లో ఆ బ్రిటిష్ కంపెనీ బిగించిన బోల్టు ఒక్కటి కూడా లేదు. ఆల్ఫా రొమియో పేరుతో తిరిగిన సౌబర్ కార్లలో ఉన్నదీ ఫెరారీ ఇంజినే. 2022లో పోర్షే రెడ్ బుల్‌తో చర్చలు జరిపింది. జట్టులో సమాన భాగస్వామ్యం కావాలంది, కుదరక సెప్టెంబరులో తప్పుకుంది.

పోర్షేకు ఈ రాత ఎలక్ట్రిక్ రేసుల్లోనూ తప్పలేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ రేసులో పోర్షే సొంత జట్టు మూడో స్థానం అందుకుంది. ఆ సీజన్ డ్రైవర్ టైటిల్ మాత్రం పోర్షే మోటారు కొనుక్కున్న ఆండ్రెట్టి జట్టు జేక్ డెనిస్‌కు వెళ్లింది. పోర్షే సొంత డ్రైవర్ టైటిల్ గెలవడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఇక ఆ పాత వీ6 ఇంజిన్ల సంగతి. వాటిని పరీక్షించే రోజుల్లో ఒకదాన్ని రోడ్డు మీద తిరిగే పోర్షే 911 టర్బోలో పెట్టి నడిపారు. ఆ ముచ్చట పట్టుకుని లాంజాంటే అనే బ్రిటిష్ సంస్థ, రేసుల్లో నిజంగా పరుగెత్తిన ట్యాగ్ ఇంజిన్లను 11 పాత 911లలో బిగించి అమ్మింది. పేరు పోర్షే అని ఉన్న బండిలో పోర్షే చేసిన ఆ ఇంజిన్ కుదురుకోవడానికి మూడు దశాబ్దాలు దాటింది. బలాన్ని 500 హార్స్ పవర్‌కు కాస్త పైన ఆపారు. విడదీసి, అరిగినవి మార్చి, మళ్లీ బిగించే పనిని అప్పగించింది మాత్రం కాస్‌వర్త్‌కు.