ఇంటికి పంపే కబురు: ప్రాథమిక తరగతుల టీచర్లకు, తల్లిదండ్రులకు

మన తరగతి వారానికి రెండు గంటలు. సెప్టెంబర్ నుంచి మే వరకు సెలవులు, మంచు పడిన ఆదివారాలు, గదులు దొరకని రోజులు తీసేస్తే 30 వారాలు మిగిలితే గొప్ప. అంటే ఏడాదికి 60 గంటలు. ఇదే పిల్లలు సోమవారం నుంచి శుక్రవారం దాకా వెళ్లే బడి అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఏడాదికి 180 రోజులు నడుస్తుంది. రోజుకి ఆరు గంటల లెక్కన చూస్తే, మనకు ఏడాది మొత్తంలో దొరికేది అక్కడి పది రోజులతో సమానం. ఆ పది రోజుల్లోనే అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, చదవడం, మాట్లాడడం అన్నీ రావాలంటే కుదిరే పని కాదు. ఇల్లు కూడా కలిసి రావాలి. ఈ సంగతి టీచర్లకీ తెలుసు, తల్లిదండ్రులకీ తెలుసు. తెలియనిదల్లా, ఈ ఆదివారం సాయంత్రం నుంచి వచ్చే ఆదివారం పొద్దున దాకా ఇంట్లో ఏం చెయ్యాలన్నదే.

మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక నెల మెసేజ్‌లు వెనక్కి వెళ్లి చూడండి. గది మారింది, ఫీజుకి ఆఖరి తేదీ ఇది, సంక్రాంతి కార్యక్రమానికి పిల్లలకి లంగా ఓణీ, పంచె కావాలి, పాట్‌లక్‌లో పులిహోర ఎవరు తెస్తారు. మధ్యలో ఎవరో పంపిన శుభోదయం బొమ్మలు. ఇవన్నీ కావలసినవే (శుభోదయాలు తప్ప). కానీ వీటిలో పాఠం లేదు. "పేజీ 14, 15 హోంవర్క్" అని రాస్తే అది ఉన్నట్టే ఉంటుంది గాని, శనివారం రాత్రి పదింటికి గుర్తొచ్చి, ఏడుస్తున్న పిల్లవాడి చేత రాయించే పనిగా మారుతుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో బెంజమిన్ యార్క్, సుసానా లోబ్ అనే పరిశోధకులు నాలుగేళ్ల పిల్లల తల్లిదండ్రులకి ఫోన్ మెసేజ్‌లు పంపి చూశారు. వారానికి మూడే. మొదటిది ఒక విషయం చెబుతుంది, రెండోది ఇంట్లో చేసే ఒక చిన్న పని చెబుతుంది, మూడోది ఆ పనిని ఇంకో మెట్టు ఎక్కిస్తుంది. ఇంట్లో పిల్లలతో చేసే చదువు పనులు పెరిగాయని, టీచర్లని అడిగే ప్రశ్నలు కూడా పెరిగాయని వాళ్లు 2014లో రాశారు. అది ఇంగ్లిష్ నేర్చుకునే సంగతి, మనది తెలుగు. అయినా పద్ధతి మనకి అతికినట్టు సరిపోతుంది. మనకి మూడు కూడా అక్కర్లేదు. ఆదివారం రాత్రి ఒకటి, బుధవారం గుర్తు చేస్తూ ఒకటి చాలు.

రెండో సంవత్సరం తరగతికి పంపదగ్గ కబురు ఇలా ఉండొచ్చు:

"నమస్తే అండీ. ఈ వారం ద్విత్వాక్షరాలు చెప్పుకున్నాం. ఒక అక్షరం కింద అదే అక్షరం ఒత్తుగా వస్తుంది. మీ వంటింట్లో ఇవి బోలెడు: పప్పు, ఉప్పు, బియ్యం, అల్లం, బెల్లం, నెయ్యి, మజ్జిగ. ఒక్కో కాగితం ముక్క మీద పిల్లల చేత పేరు రాయించి డబ్బాకి అంటించండి. మీరు రాయొద్దు, వంకరగా ఉన్నా వాళ్లు రాసిందే అంటించండి. రాత్రి అన్నాల దగ్గర అడగండి: ఇవాళ వంటకి ఏ ఏ డబ్బాలు తీశాం? వచ్చే ఆదివారం ఒక డబ్బా ఫోటో తీసుకురండి."

ఇందులో పాఠం ఒక్కటే, పని ఒక్కటే. పిల్లల్ని అడగడానికి ఒక ప్రశ్న ఉంది, తిరిగి తరగతికి తేవలసినది ఒకటి ఉంది. ఆ ప్రశ్న చాలా ముఖ్యం. కారెక్కగానే మనం "ఇవాళ క్లాసులో ఏం చేశారు?" అంటాం, వెనక సీట్లోంచి "నథింగ్" అని వస్తుంది, సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. ఏం అడగాలో టీచర్ చెబితే జవాబు వస్తుంది. తిరిగి తేవలసినది కూడా అంతే ముఖ్యం. డబ్బా ఫోటో గురించి వచ్చే వారం టీచర్ ఒక్క నిమిషమైనా మాట్లాడకపోతే, ఇంకో వారం ఎవరూ ఏమీ అంటించరు.

ఇక ఈ కబురు చదవలేని తల్లిదండ్రుల సంగతి. దీన్ని మనం బయటికి చెప్పుకోం గాని, ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఇంగ్లిష్ మీడియంలో చదివి, రెండో భాషగా హిందీయో సంస్కృతమో తీసుకున్నవాళ్లు. బెంగళూరు, చెన్నై, ముంబైలలో పెరిగి ఇంట్లో తెలుగు మాట్లాడినా రాయడం రానివాళ్లు. భార్యది తెలుగు, భర్తది తమిళమో గుజరాతీయో అయిన ఇళ్లు. వీళ్లకి గ్రూపులో తెలుగు లిపిలో పొడుగాటి మెసేజ్ పెడితే, అర్థం కాలేదని పదిమందిలో అడగరు. ఊరుకుంటారు. ఆ ఊరుకోవడాన్ని మనం శ్రద్ధ లేకపోవడం అనుకుంటాం. అందుకే రాసిన దానితో పాటు అదే కబురుని 40 సెకన్ల వాయిస్ మెసేజ్‌గా కూడా పెట్టండి. "అల్లం" అన్నప్పుడు ఒత్తు ఎలా పలకాలో అందులో వినిపిస్తుంది కూడా. పిల్లలతో పాటు తండ్రి కూడా అక్షరాలు దిద్దుతానంటే అంతకన్నా కావలసిందేముంది? ఒక పుస్తకం అదనంగా ఇవ్వండి. తప్పులు దిద్దే పని పిల్లకి అప్పజెప్పండి, సరదాగా నేర్చుకుంటారు.

మాట్లాడే తెలుగు విషయంలో తల్లిదండ్రులకి తప్పక చెప్పవలసినది ఒకటుంది. మన పిల్లలు "నాన్న వచ్చింది" అంటారు, "అమ్మమ్మ వెళ్లాడు" అంటారు. ఇంగ్లిష్‌లో క్రియకి ఆడా మగా తేడా లేదు, కాబట్టి ఇది వాళ్లకి కొత్త. పైగా తెలుగులో ఆవిడ వచ్చింది, కుక్క వచ్చింది, బస్సు వచ్చింది, అన్నిటికీ ఒకటే రూపం. మగవాళ్లకి మాత్రం వేరు, గౌరవం ఇస్తే మళ్లీ వేరు. పిల్లలు తికమకపడడంలో ఆశ్చర్యం లేదు. అసలు ఇబ్బంది ఆ తప్పు కాదు, దానికి ఇంట్లో వచ్చే నవ్వు. ఇండియాకి వీడియో కాల్ చేసి "మళ్లీ అను, మళ్లీ అను" అని నవ్వుతారు. ప్రేమతోనే నవ్వుతారు, నిజమే. ఏడేళ్ల పిల్లకి అది ప్రేమలా వినపడదు. నాలుగుసార్లు అయ్యాక ఇంగ్లిష్‌లో జవాబు చెప్పడం మొదలుపెడుతుంది, మళ్లీ తెలుగులోకి తేవడానికి మనకి ఏళ్లు పడుతుంది. సరైన మాటని జవాబులో కలిపి అనేస్తే సరిపోతుంది: "అవునమ్మా, నాన్న వచ్చారు, తలుపు తియ్యి." దీన్ని మొదటి నెలలోనే, ఎవరి పేరూ ఎత్తకుండా, అందరికీ కలిపి చెప్పండి.

కబురు ఇటునుంచి అటు మాత్రమే పోతే చాలదు. ఇంటినుంచి మనకీ రావాలి. పుస్తకంలో ఉల్లిపాయ అని ఉంటుంది. తెలంగాణ ఇంట్లో అది ఉల్లిగడ్డ, రాయలసీమ ఇంట్లో ఎర్రగడ్డ. ఒకరికి సొరకాయ, ఇంకొకరికి ఆనపకాయ. పిల్ల "ఉల్లిగడ్డ" అన్నప్పుడు టీచర్ "అలా కాదు, ఉల్లిపాయ" అంటే, ఆ పిల్ల ఇంటికెళ్లి నానమ్మతో "నీ తెలుగు తప్పు" అంటుంది. నానమ్మ ఏమీ అనదు. ఆ ఇంటివాళ్లు మరుసటి ఏడాది చేరరు, కారణం అడిగితే సాకర్ అంటారు. దీనికి నేను తరగతిలో వాడే పద్ధతి "ఇంటి మాట" కాగితం. ఏడాది మొదట్లో ఒక పేజీ ఇస్తాను: పది వస్తువుల బొమ్మలు, పక్కన ఖాళీ గడులు. మీ ఇంట్లో దీన్ని ఏమంటారు? అమ్మ వైపు తాతయ్య ఏమంటారు? అన్నీ తెచ్చి గోడకి అంటిస్తాం. పుస్తకంలో మాట కూడా ఆ వరసలో ఒకటిగా ఉంటుంది. పరీక్షలో ఏది రాసినా మార్కు ఇస్తాను. దీన్ని ఈ పుస్తకంలో నియమంగా పెట్టాలని నా అభిప్రాయం. ఒప్పుకోని టీచర్లు ఉన్నారు, పరవాలేదు.

టీచర్ నుంచి ఫోన్ వచ్చిందంటే మన తల్లిదండ్రులకి గుండె గుభేల్మంటుంది. మనం చదువుకున్న రోజుల్లో బడికి నాన్నని పిలిపించారంటే ఏదో గొడవ చేశామని అర్థం. మిగతా పరిచయమంతా ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం. అక్కడ కూడా ఇప్పుడు మారుతోంది: 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీల్లో మూడొంతులు, అంటే 75 శాతం తల్లిదండ్రులే ఉండాలి, ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న ప్రభుత్వ బడులన్నిటిలో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. కానీ మన తరం జ్ఞాపకాలు అంతకు ముందువి. అందుకే మొదటి ఫోన్ మంచి మాటతో వెళ్లాలి. మొదటి నాలుగు వారాల్లో ప్రతి ఇంటికీ ఒక్కసారి, రెండు నిమిషాలు: "మీ బాబు ఇవాళ 'ఱ' ఎందుకుందని అడిగాడండీ, నాకు భలే నచ్చింది." పన్నెండుమంది పిల్లలుంటే వారానికి మూడు ఫోన్లు. ఆ తర్వాత ఎప్పుడైనా కష్టమైన మాట చెప్పవలసి వస్తే వినే చెవి ఉంటుంది.

రెండు వారాలు వరసగా రాని పిల్లల విషయంలో ఆలస్యం చెయ్యొద్దు. "ఎందుకు రాలేదు" అని అడగకండి. "పాప పుస్తకంలో పేజీ నా దగ్గర పెట్టాను, గుణింతంలో ఎక్కడ ఆగామో చెబుతాను" అని చెప్పండి. గుణింతాల దగ్గరే చాలామంది జారిపోతారని మనందరికీ తెలుసు. వెనకబడ్డామన్న సిగ్గు తల్లిదండ్రులకే ఎక్కువ.

నవంబర్‌లో ఒక్కో కుటుంబంతో పది నిమిషాలు కూర్చోండి. అందులో మొదటి మూడు నిమిషాలు పిల్లది: తనకి వచ్చింది చదివి వినిపిస్తుంది. మార్కుల కాగితం కన్నా అదే ఎక్కువ చెబుతుంది. మిగతా సమయంలో టీచర్ మాట్లాడడం తగ్గించి అడగాలి. ఇంట్లో తనతో తెలుగులో ఎవరు మాట్లాడతారు? ఏ వేళప్పుడు? తను ఏ భాషలో జవాబిస్తుంది? అన్నాచెల్లెళ్లు వాళ్లలో వాళ్లు ఏ భాష వాడతారు? ఈ నాలుగూ తెలిస్తే ఆ ఇంటికి ఏ పని పంపాలో తెలిసిపోతుంది. భార్యాభర్తలు విడిగా ఉంటున్న ఇళ్లలో ఇద్దరికీ కబురు వెళ్లేలా రెండు నంబర్లూ తీసుకోండి, అంతకు మించి ఏమీ అడగొద్దు.

పిల్లల మార్కులు, తప్పులు, ఎవరి ప్రవర్తన గురించీ గ్రూపులో పెట్టకూడదు. ఫోటోలు పెట్టేముందు ఆ ఇంటివాళ్ల అనుమతి కావాలి.

"తల్లిదండ్రుల సాయం" అనగానే మనవాళ్లు అమ్మలకి వంటలు, అలంకరణ, నాన్నలకి కుర్చీలు, ప్రొజెక్టర్ అప్పజెబుతారు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జాయిస్ ఎప్‌స్టీన్ ఇళ్లూ బడీ కలిసి పనిచెయ్యడాన్ని ఆరు రకాలుగా విడదీసి చెప్పింది. బడికొచ్చి సాయం చెయ్యడం అందులో ఒకటి, ఇంట్లో చదువుకి తోడుండడం వేరొకటి. వార్షికోత్సవానికి 200 ఇడ్లీలు వండి తెచ్చిన తల్లి మొదటిది చేసింది. ఆవిడ పిల్లకి మాత్రం రెండోది కావాలి. ఎప్‌స్టీన్ హోంవర్క్‌ని కూడా పిల్లలు ఇంట్లోవాళ్లతో మాట్లాడితే తప్ప పూర్తికాని విధంగా తయారుచేయించింది. మనకి అంతకన్నా తేలిక, మన ఇళ్లలో అమ్మమ్మలు, తాతయ్యలు ఉన్నారు. ఆరు నెలలకి ఇక్కడికి వచ్చి, పగలంతా కిటికీ దగ్గర కూర్చునే పెద్దవాళ్ల కన్నా మంచి తెలుగు టీచర్ ఎక్కడ దొరుకుతారు? "తాతయ్య బడికి ఎలా వెళ్లేవారు, మధ్యాహ్నం ఏం తినేవారు, అడిగి మూడు వాక్యాలు రాయండి" అంటే పని అయిపోయింది. తరగతికి వచ్చి కథ చెప్పమని పిలిస్తే ఇంకా సంతోషిస్తారు. కాకపోతే వాళ్లకి ఇక్కడ డ్రైవింగ్ రాదు, అడగడానికి మొహమాటపడతారు. కార్‌లో ఎవరు తీసుకొస్తారో టీచరే ముందు ఏర్పాటు చేసి, అప్పుడు పిలవాలి.

తరగతి అయ్యాక కొందరు తల్లిదండ్రులు ఆగి అడిగేది మన బడి గురించి కాదు, వారం బడి గురించి. ముఖ్యంగా ఒక ఫారం. చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతుంది. తెలుగు అని రాస్తే పిల్లని వెనక తరగతిలో వేస్తారేమోనని ఇంగ్లిష్ అని రాసేస్తారు. అలా భయపడనక్కర్లేదని చెప్పండి. తెలుగు అని రాస్తే ఒక ఇంగ్లిష్ పరీక్ష పెడతారు, నెగ్గితే అంతటితో సరి. నెగ్గకపోతే ఇంగ్లిష్‌లో అదనపు సాయం ఇస్తారు. ఆ ప్రత్యేక తరగతులు వద్దనే హక్కు కూడా తల్లిదండ్రులకి ఉంది. ఇంగ్లిష్ అంతగా రాని తల్లి అక్కడి టీచర్‌తో సమావేశానికి దుబాసీని అడగొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు; 1964 పౌరహక్కుల చట్టం ఆవిడ పక్షాన ఉంది. పిల్ల చేత అనువాదం చేయించొద్దు. తన గురించిన ఫిర్యాదుని తనే తెలుగులోకి మార్చి చెప్పాల్సి రావడం ఏ పిల్లకీ న్యాయం కాదు.

మే నెలలో పుస్తకాలు తిరిగి తీసుకునేటప్పుడు, ప్రతి పిల్ల "ఇంటి మాట" కాగితం, నవంబర్ సమావేశంలో రాసుకున్న నాలుగు జవాబులు ఒక కవర్లో పెట్టి వచ్చే ఏడాది టీచర్‌కి ఇవ్వండి. ఇస్తున్నట్టు తల్లిదండ్రులకి ముందే చెప్పండి. సెప్టెంబర్‌లో ఆ టీచర్ మొదటి ఫోన్ చేసేసరికి, ఆ ఇంట్లో ఉల్లిపాయని ఏమంటారో తెలిసి ఉంటుంది.