చలి పోయిన పిమ్మట పొయ్యి సంగతి

శివరాత్రికి చలి శివశివా అనుచు పోవునని మనవారందురు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములకు చలి నాలుగు దినములుండిపోవు చుట్టము వంటిది గావున, ఇల్లు వెచ్చచేసికొను పొయ్యి మనకెన్నడును అవసరము కాలేదు. కాని కార్తికము మొదలు మాఘాంతము వఱకు వేకువజామున స్నానమునకు నీళ్లు కాచు దొడ్డిపొయ్యి మాత్రము ఈ ప్రాంతపు పెంకుటిండ్లలో చిరకాలము ఋతుధర్మమును పాటించినది. వంటపొయ్యికి సెలవు లేదు; నీళ్లపొయ్యికి ఏడెనిమిది నెలల సెలవు కలదు. చిత్రమేమనగా, అది పాడగునది పనిచేయు కాలమున గాక ఆ సెలవులోనే.

ఈ సంగతి నాకు మా దొడ్డిలోనే తెలిసివచ్చినది. ఒక సంవత్సరము బద్ధకించి, బూడిద తీయకయే మా నూనెడబ్బా ఊకపొయ్యిపై గోనెపట్టా కప్పి చూరు క్రిందికి త్రోసితిని. వేసవి గడచినది, వానలు వచ్చినవి, జల్లులు చూరు దాటి లోపలికి కొట్టినవి. కార్తికమున చెవులు పట్టుకొని పైకెత్తగా డబ్బా నా చేతికి వచ్చినది గాని, దాని అడుగు మాత్రము నేలనే నిలిచిపోయినది.

ఊకపొయ్యి యనగా నేమో నేటి యువకులకు కొంచెము వివరింపవలసియున్నది. పాత నూనెడబ్బా నొకదానిని తీసికొని, అడుగుభాగమున ప్రక్కగా ఒక రంధ్రము చేసి, ఆ రంధ్రమునుండి గుండ్రని కఱ్ఱ నొకదానిని అడ్డముగను, డబ్బా నట్టనడుమ రోకలిని నిలువుగను ఉంచి, చుట్టును ఊకను గాని రంపపు పొట్టును గాని కొంచెము కొంచెముగా పోయుచు దట్టించి, పిదప రోకలిని త్రిప్పుచు మెల్లమెల్లగా పైకి తీసి, అడ్డకఱ్ఱను వెలికి లాగినచో, గాలి క్రిందనుండి చొచ్చి నడిమి బిలము గుండ పైకి పోవు మార్గ మేర్పడును. క్రింద నిప్పు రాజవేసిన తరువాత ఆ బిలము గోడలు లోపలినుండి వెలుపలికి నెమ్మదిగా కాలుచు, మరల ఎవ్వరును ఎగద్రోయ నక్కఱలేకుండ గంటల తరబడి వేడి నిచ్చును. నేర్పంతయు దట్టించుటలోనే యున్నది: వదులైనచో గోడ కూలును, బిగువు మితిమీరినచో నిప్పు ఆఱును. మా యింట ఆ పని పెద్దవారు పిల్లల చేతికి ఇచ్చెడివారు కారు.

ఈ పొయ్యి ఈ సీమలో స్థిరపడుటకు కారణము వెదకనక్కఱలేదు. కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల క్రింద పండిన వడ్లు తెనాలి మిల్లులకు చేరును. వడ్ల బరువులో ఇంచుమించు 20 శాతము ఊక. ఆ ఊక కాలగా దానిలో మరల 20 శాతము వఱకు బూడిద మిగులును. అనగా 100 కిలోల వడ్లనుండి 20 కిలోల ఊకయు, దానినుండి 4 కిలోల బూడిదయు వచ్చుచున్నవన్నమాట. ఇంత బూడిద మిగులుటకు హేతువు వరిమొక్క స్వభావమే. అది నేలనుండి నీటితోపాటు, ఇసుకకు మూలద్రవ్యమైన సిలికాను పీల్చికొని ఊకలో నిలువ చేసికొనును. ఊకబూడిదలో ఇంచుమించు 90 శాతము ఆ సిలికాయే గావున, సరుగుడు కట్టె వలె ఇది కాలి పిడికెడు పొడి కాదు. ఊక ఆకారముననే, పేలపిండి వలె తేలికగా, సందు సందునను గాలి నిండి నిలిచియుండును. గాలి నిలుచు చోటనే తేమయు నిలుచును. వానకాలమున అట్టి బూడిద తడిగుడ్డ వలె రేకును అంటిపెట్టుకొని, తనలోని లవణములతో త్రుప్పునకు తోడ్పడును. బాపట్ల, రేపల్లెల వైపు సముద్రపు ఉప్పుగాలి కూడ దీనికి తోడగుటచేత, అచ్చటి రేకు తెనాలి రేకుకంటె ముందే చిల్లులు పడుట సహజము.

కావున ఋత్వంతమున చేయవలసిన పని బూడిద తీయుటతో మొదలగును. తొందరపడి నీళ్లు చల్లరాదు. లోపల మట్టిపూత యున్నచో బీటలు వాఱును. ఒక దినము పూర్తిగా చల్లారనిచ్చి, సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తులకు హానికరము గావున ముక్కునకు తడిగుడ్డ కట్టుకొని, డబ్బాను బోర్లించి తట్టి, మూలలను పాత అట్లకాడతో గీకి, చీపురుతో ఊడ్చి, ఎండలో నారవేసి, లోపల వెలుపల పలుచగా నూనె రాచి, రెండిటుకలపై బోర్లించి యుంచవలెను. గోనెపట్టా మాత్రము కప్పరాదు. అది తేమను ఆపదు సరిగదా, పోనీయదు. మట్టిపొయ్యియైనచో బంకమట్టిలో ఊక కలిపి బీటలు పూడ్చి అలికినచో చాలును.

నడుమ పొగగొట్టము గల రాగి బాయిలరు ఉన్నవారికి ఇంకొక పని గలదు. గొట్టము లోపల పేరుకొన్న మసి ఉష్ణమును నీటికి చేరనీయదు. నీటివైపున పట్టిన గారయు అట్టిదే. వెలుపలి రాగిని చింతపండుతో తళతళలాడునట్లు తోమి, లోపలి గొట్టమును మఱచువారే ఎక్కువ. పొడుగాటి కఱ్ఱకు గోనెపీచు చుట్టి గొట్టమును పైనుండి క్రిందికి రుద్ది, నీరంతయు దించి ఆరబెట్టవలెను. తిరిగి వెలిగించునాడు ముందు నీరు, పిదప నిప్పు. క్రమము తప్పినచో మాటు కరగి అతుకులు ఊడును.

మంచుదేశములవారి పెల్లెట్ పొయ్యి మన ఊకపొయ్యికి దూరపు బంధువని నా అభిప్రాయము. రంపపు పొట్టును మిక్కిలి ఒత్తిడితో నొక్కి, సాధారణముగా 6 మిల్లీమీటర్ల మందమున చేసిన గుళికలే పెల్లెట్లు. మన రోకలి చేయు పనిని అచ్చట కర్మాగారమున యంత్రము ముందుగనే చేసియుంచినది. తొట్టిలోని గుళికలను మరచుట్టు కడ్డీ యొకటి కొద్దికొద్దిగా అగ్నిపాత్రలో వేయుచుండగా, విద్యుత్తు పంకా గాలి నూదును. మేలిరకపు కఱ్ఱగుళికలలో బూడిద 1 శాతమునకు లోపే. అయినను చలి ముగియగనే వారు తొట్టిలోని గుళికలన్నియు కాలనిచ్చి, విద్యుత్తు తీగ ఊడదీసి, అగ్నిపాత్ర రంధ్రములను గీకి, పంకా రెక్కలను, పొగగొట్టమును తుడుతురు. తలుపు సందున కాగితము పెట్టి మూసి లాగి చూతురు. అది సులువుగా జారివచ్చినచో అంచుపట్టీ అరిగినదని అర్థము. సంచులలో మిగిలిన గుళికలకు తేమ తగిలినచో అవి ఉబ్బి మరల పొట్టే యగును. గొట్టము తెరచియుంచినచో పక్షులు చేరును. మన యిండ్ల గొట్టములలో మట్టిగూళ్లు కట్టు కందిరీగలు కూడ చేరును.

గొట్టము మాట వచ్చినది గావున హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన డాక్టర్ ఎస్. పి. రాజును స్మరింపక తప్పదు. పొగలేని వంటిల్లు కోట్లాది సామాన్యులకు అందవలెనని ఆయన పొగగొట్టముతో కూడిన మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో దానిపై ఇంగ్లీషున ఒక పుస్తకమును ప్రకటించెను. 1983 చివర మొదలైన జాతీయ మెఱుగుపొయ్యిల పథకము క్రింద దేశమంతట అట్టి పొయ్యిలు వేసిరి. వానిలో అనేకము మూలపడుటకు గల కారణములలో మసి తీయని పొగగొట్టము ఒకటి. పొయ్యి వేసి యిచ్చువారు దొరకిరి. ఏటేట గొట్టము దులుపువారు దొరకలేదు.

ఇక తీసిన బూడిదను ఎచ్చట పెట్టుట? ఊకబూడిద అడుగున నిప్పురవ్వ పైకి కనబడకయే ఒక దినముకంటె ఎక్కువ కాలము బ్రతికియుండగలదు. ఊకబస్తాల ప్రక్కను గాని తాటాకుపందిరి క్రింద గాని దానిని పోయవద్దు. మూతగల ఇనుపబకెట్టులో పోసి, ఆరుబయట, నేలపై రెండు మూడు దినము లుంచుడు. తరువాత గిన్నెలు తోముటకు వాడుకొనవచ్చును. ఈ యేడు శివరాత్రి జాగరణ ముగిసి, మరునాడు నిద్ర తీరిన పిమ్మట, దొడ్డిలోనికి పోయి ఆ పొయ్యిని ఒక్కమారు బోర్లించి చూడుడు.