అత్తాకోడళ్ల చీటీ

'ఈ వయసులో గోల్ఫేమిటే!' అంది మా అక్క. యాభై దాటాక విశాఖలో నేర్చుకున్నాను మరి. ఎడింబరోలో ఉన్న మా కోడలికీ ఈ పిచ్చి ఉంది. ఇంకేం, స్కాట్లాండ్ వెళ్లగానే సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఆడాల్సిందే అనుకున్నాం. సముద్రం ఒడ్డున, శతాబ్దాల నాటి మైదానం.

డబ్బుంటే చాలదండోయ్! ముందే బుక్ చేసుకోని మాలాంటివాళ్లకి 'బ్యాలెట్' ఉంది. కనీసం ఇద్దరి పేర్లివ్వాలి. మన ఆట స్థాయి చెప్పే హ్యాండీక్యాప్ సర్టిఫికెట్ ఉండాలి. ఆటకి రెండు రోజుల ముందు లాటరీ తీస్తారు. మూడుసార్లు పేర్లిచ్చాం, మూడుసార్లూ రాలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆదివారం మామూలుగా అక్కడ ఆట ఉండదు, ఎవరైనా నడవొచ్చు. చీర మీద స్వెట్టరేసుకుని స్విల్కన్ వంతెన ఎక్కాను. ఎదురుగా ఆర్ అండ్ ఏ క్లబ్ రాతి భవనం. ఆడవాళ్లకి సభ్యత్వమిద్దామని వాళ్లు ఓటేసింది 2014లోనట! ఆ ఊళ్లోనే ఆడవాళ్ల పటింగ్ క్లబ్ 1867లోనే పుట్టింది. దాని మైదానం పేరు 'హిమాలయాస్'. అక్కడ లాటరీ గొడవ లేదు, కొద్ది పౌండ్లిస్తే ఎవరైనా ఆడొచ్చు. మేమూ ఆడాం.

వెళ్లేవాళ్లు వారం రోజులైనా చేతిలో ఉంచుకోండి. గురువారం నా తిరుగు ప్రయాణమనగా, బుధవారానికి ఆఖరిసారి పేర్లిచ్చాం. సోమవారం సాయంత్రం వంటింట్లో ఉన్నాను. కోడలు ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

'అత్తయ్యా, వచ్చింది!'

పొయ్యి మీద పోపు మాడిపోయింది.