కలకత్తా ఇన్నింగ్స్ – కె.ఆర్.పురం సైటు బేరం

కె.ఆర్.పురంలో సైట్లు, ఫ్లాట్లు చూపించే పనిలోకి కొత్తగా దిగిన వారికి, పదిమంది కాదన్నాక పదకొండో మనిషి దగ్గరకు వెళ్ళాలంటే కాళ్ళాడవు.

2001 మార్చిలో జరిగిన ఈడెన్ గార్డెన్స్ టెస్టు తలుచుకోండి. ఆస్ట్రేలియా కంటే 274 పరుగులు వెనకబడి మనవాళ్ళు ఫాలో ఆన్‌కు దిగారు. హైదరాబాదు లక్ష్మణ్ 281, బెంగళూరు ద్రావిడ్ 180. నాలుగో రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్టూ పడలేదు. చివరికి 171 పరుగులతో మనమే గెలిచాం. అయితే వాళ్ళు ప్రతి బంతినీ బాదలేదు సుమండీ! వదలాల్సింది వదిలారు.

ఈ పనిలో చాలామంది మరిచేది అదే. 2023లో మెట్రో వచ్చాక కొనేవారికీ అమ్మేవారికీ తొందర ఎక్కువైంది. ఖాతా సరిగా లేని సైటు, ఈ.సీ.లో తీరని తాకట్టు కనబడే సైటు ఎంత కమీషనిస్తామన్నా వదిలెయ్యండి. అంటగడితే మునిగేది ఒక కుటుంబం కూడబెట్టుకున్న సొమ్ము.

కాదన్నవారి పేరు మాత్రం కొట్టెయ్యకండి. ఎందుకు కాదన్నారో పుస్తకంలో రాసుకోండి: ధరా, కాగితాలా, నీళ్ళా? ధర అన్నవారికి చిన్న ఫ్లాటు దొరికిన రోజున మళ్ళీ ఫోన్ చెయ్యండి. నీళ్ళన్నవారిని ముందు బోరు దగ్గరకు తీసుకెళ్ళండి, ఇల్లు తర్వాత చూపించవచ్చు.